కుడి చెవి వైపు పీట

మా ఎదురింటి పెద్దమ్మ చనిపోయి రెండు నెలలైంది. ఆ ఉదయం పాలు పోసే ఆమె వాకిట్లో నిలబడి "పెద్దమ్మా, పాలూ" అని అరుస్తూ ఉంది. ఒకసారి కాదు, ఏడెనిమిది సార్లు అరిచి ఉంటుంది. నేను మా ఇంట్లో మిషను ముందు కూర్చుని నైటీకి చేతులు కుడుతున్నాను. నాకేమీ అనిపించలేదు. పెద్దమ్మకు చెవులు సరిగా వినబడవు కాబట్టి ఆమె వాకిట్లో ఎవరైనా అరుస్తుంటే మా వీధిలో అది మామూలు. పాలామె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి బయటికి వచ్చి, ఈసారి అరవకుండా, మా గుమ్మం దాకా నడిచి వచ్చి "అక్కా, ఒకసారి రా" అని మెల్లగా అంది. ఆమె మెల్లగా అనడంతోనే నాకు తెలిసిపోయింది.

నిద్రలోనే పోయింది. వయసు డెబ్బై దాటింది. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. మదురైలో ఉండే చెల్లెలి కొడుకు వచ్చి జరగాల్సినవన్నీ జరిపించాడు. ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను గాని, రాయడం నాకు అలవాటు లేదు. ఎనిమిదో తరగతితో బడి మానేశాను, అదీ తమిళంలో చదివిన చదువు. మా రాజపాళయంలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. తెలుగు చదవగలిగినవాళ్ళు మాత్రం తక్కువ. నాకు ఈ అక్షరాలు నేర్పింది పెద్దమ్మే. ఆమెకు వాళ్ళ నాన్న నేర్పాడట. నైటీలు మడతపెట్టేటప్పుడు లోపల ఉంచే అట్టల వెనుక పెద్ద పెద్దగా రాసి నా చేత దిద్దించింది. ఆమె ఇచ్చిన అక్షరాలతో ఆమెను పొగిడి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు. ఆమెకు చెప్పవలసి ఉండీ చెప్పకుండా దాచిన మాట ఒకటి ఉంది. అది కూడా ఇందులో రాస్తాను.

పెద్దమ్మ ముప్పై ఏళ్ళు స్పిన్నింగు మిల్లులో పనిచేసింది. వరసగా తిరిగే కదుళ్ళ మధ్య నడుస్తూ, తెగిన పోగును అతకడం ఆమె పని. ఆ హోరులో అన్నేళ్ళు ఉంటే చెవులు మిగలవు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవికి మాత్రం, దగ్గర కూర్చుని గట్టిగా చెబితే వినబడేది. అందుకని ఆమె అరుగు మీద ఇనుప కుర్చీకి కుడివైపున ఎప్పుడూ ఒక పీట ఉండేది. వచ్చినవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆ పీట మీద కూర్చునేవాళ్ళు. తనకు వినబడదు గనక ఆమె కూడా గట్టిగానే మాట్లాడేది. ఆమె కూరగాయల బండి దగ్గర బేరమాడితే, ఆ రోజు వాళ్ళింట్లో ఏం కూరో వీధి చివరి ఇంటికి కూడా తెలిసేది.

మా ఊరికి వెలుపల శ్రీలంక నుంచి వచ్చిన తమిళుల క్యాంపు ఒకటి ఉంది. అక్కడ యుద్ధం జరిగిన రోజుల్లో వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆ పిల్లల పిల్లలు అందులో ఉన్నారు. ఈమధ్య ఆ దేశంలో బియ్యానికీ పాలపొడికీ కరువు వచ్చినప్పుడు మళ్ళీ కొందరు పడవల్లో వచ్చారు. చాలా ఏళ్ళ కిందట క్యాంపులో ఉండే ఒకామె మిల్లులో పెద్దమ్మ పక్క వరసలో పనికి చేరిందట. వాళ్ళదీ తమిళమే, ఊరిదీ తమిళమే. అయినా నోరు తెరిస్తే ఎక్కడివాళ్ళో తెలిసిపోతుంది. అవునని చెప్పడానికి వాళ్ళు "ఓం" అంటారు. అది విని ఇక్కడి పిల్లలు చేతులు జోడించి నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి, ఏ బస్సు ఎక్కాలో అడగలేక ఆమె మిల్లు గేటు దగ్గరే నిలబడి ఉంటే, పెద్దమ్మ ఆమెను బస్టాండుకు నడిపించుకుపోయింది. మొదలు అంతే. తరువాత మిల్లు స్నేహితురాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిశారు. వాళ్ళకు సంఘమని పేరు లేదు, బోర్డు లేదు. కొత్త కుటుంబం వచ్చిందని తెలిస్తే బస్సెక్కి పోయేవాళ్ళు.

వాళ్ళు చేసే మొదటి పని ఊరు తిప్పడం. రేషను అంగడి, పెద్దాసుపత్రి, పోస్టాఫీసు, బడి, మార్కెట్టు, అన్నీ ఒకే రోజు, నడిచే. అయితే ఎక్కడా వీళ్ళు నోరు తెరవరు. అడగాల్సింది వచ్చినవాళ్ళే. పెద్దమ్మ నాలుగడుగులు వెనుక నిలబడేది.

"నోరు నీది, తోడు నాది," అనేది ఆమె.

మీరే అడిగి పెట్టొచ్చు కదా అని నేను ఒకసారి అన్నాను.

"నేను అడిగితే నా ముఖం చూసి జవాబు చెప్తారు. రేపు ఈ బిడ్డ ఒంటిగా పోతే ఎవరే నువ్వంటారు. వాళ్ళ ముఖమే తెలియాల," అని, తరువాత పకపకా నవ్వి, "అదీగాక, నేను అడిగితే మాత్రం వాడు చెప్పేది నాకు యాడ వినబడతాదే?" అంది.

నన్ను కూడా ఆమె అట్లాగే తిప్పింది. నేను పుట్టింది సేత్తూరులో. పెళ్ళయి ఇక్కడికి వచ్చి మూడేళ్ళు దాటింది. సేత్తూరు నుంచి రాజపాళయం బస్సులో ఎంతసేపని మీరు నవ్వవచ్చు. నాకు మాత్రం అది వేరే దేశమే అయింది. కొత్తవాళ్ళ ముందు నాకు గొంతు పెగలదు. ఆరు నెలలు మా ఆయన వెంట తప్ప గడప దాటలేదు. ఒకరోజు పెద్దమ్మ మా అత్తను అడిగి నన్ను దారాల అంగడికి తీసుకుపోయింది. పొడుగు జిప్పులు ఒక డజను అడిగి తెమ్మని లోపలికి పంపి తను వీధిలో నిలబడింది. రెండుసార్లు లోపలికి పోయి, అడగలేక, ఉత్త చేతులతో బయటికి వచ్చాను. మూడోసారి పోయినప్పుడు వీధిలో నుంచే ఆమె, "అడిగినావా పాపా?" అని కేక పెట్టింది. అంగట్లో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. అంతమంది చూశాక ఇక దాచుకోవడానికి ఏముంది? జిప్పులు అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆ తరువాత మధ్యాహ్నాలు ఆ పీట నాదైంది. అన్నం తిని, సామాను కడిగి, ఒక అట్టముక్క పట్టుకుని వెళ్ళి కూర్చునేదాన్ని. ఆమెతో మాట్లాడాలంటే అరవాలి. పుట్టినింట్లో ఎన్నడూ గొంతెత్తని నేను అక్కడ అరవడం నేర్చుకున్నాను. ఆమె మిల్లు సంగతులు చెప్పేది. కష్టం చెప్పుకుని ఏడ్చేవాళ్ళకు ఆమె చెప్పే మాట ఒకటుండేది. "పోగు తెగినాదని మిషను ఆపరమ్మా. తిరుగుతా ఉండంగానే అతకాల."

ఇంకొక మాట కూడా చెప్పేది. నేను మరిచిపోయిన మాట అదే. మా ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం కదా. బయటివాళ్ళు గుమ్మంలో నిలబడి ఉండగానే, వాళ్ళకు తెలియకూడనిది మేం తెలుగులో మాట్లాడుకుంటాం. చేపలామె ముందే చేప బాగాలేదనుకుంటాం. పెళ్ళిచూపుల వాళ్ళ ఎదురుగానే పిల్లవాడి పళ్ళ గురించి మాట్లాడుకుంటాం. పైకి నవ్వుతూనే. ఇది తప్పని మాకెవరికీ తోచదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. పెద్దమ్మకు మాత్రం అది గిట్టేది కాదు.

"ముందర ఉండే మనిషికి తెలియని మాట మాట్లాడేది, వాళ్ళకు వీపు చూపించినట్టు," అనేది. ఆమె అరుగు మీద తమిళం మాత్రమే వచ్చినవాళ్ళు ఒక్కరున్నా అందరూ తమిళంలోనే మాట్లాడాలి.

పోయిన ఏడాది వేసవిలో ఆ పిల్ల వచ్చింది. పేరు తర్షిక. పదహారేళ్ళు. తల్లీ తనూ పడవలో వచ్చి, క్యాంపులో ఉన్న పెద్దతల్లి దగ్గర చేరారు. బడి సర్టిఫికెట్టు దారిలో తడిసి చిరిగిపోయింది. పదో తరగతిలో చేరాలని ఆశ. గొంతు మాత్రం చీమ నడిచినట్టు ఉండేది. పెద్దమ్మ దానికి ముందు గొంతు నేర్పింది.

"గట్టిగా చెప్పమ్మా. సముద్రం పక్కన పెరిగినావు, అలల మింద అరిచి పిలవలేదా ఎవురినీ?"

ఆ పిల్ల నవ్వి గట్టిగా చెప్పేది. ఇంకా గట్టిగా అనేది పెద్దమ్మ. మా వీధికి ఇద్దరు పెద్దమ్మలు వచ్చినట్టయింది.

నేను మధ్యాహ్నం అట్టముక్క పట్టుకుని వెళితే పీట మీద ఆ పిల్ల ఉండేది. నన్ను చూసి లేచేది. "కూచో, కూచో" అని పెద్దమ్మ ఆ పిల్లనే కూర్చోబెట్టేది. నేను మెట్టు మీద కూర్చునేదాన్ని, ఎడమవైపు. నేను చెప్పేది ఆమెకు వినబడేది కాదు. నాలుగు రోజులు చూసి వెళ్ళడం మానేశాను. ఇక్కడ నాకు ఆమె ఒక్కతే ఉండేది, ఆమెకేమో ఊరంతా ఉంది అనుకున్నాను. ఇది సాకుగా చెప్పడం లేదు. ఎట్లా మొదలైందో చెబుతున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఒక్కతే మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతకుముందెన్నడూ రాలేదు. అత్త వరండాలో చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ ఉంది. నేను మిషను దగ్గర ఉన్నాను. పెద్ద కత్తెర బల్ల మీద ఉంది.

"ఏమంటనే, ఈ పిల్ల ఇట్ల వచ్చింది?" అని అత్త తెలుగులో అడిగింది.

నేను ఆ పిల్లను చూసి నవ్వాను. నవ్వుతూనే, అత్తకు తెలుగులో చెప్పాను. "పెద్దమ్మ పంపి ఉంటాది. ఆ కత్తెర తీసి లోపల పెట్టండత్తా. క్యాంపోళ్ళ చెయ్యి ఊరికే ఉండదంట."

అత్త కూడా నవ్వింది. ఆ పిల్ల కత్తెర వైపు చూసింది, నా వైపు చూసింది. ఏదో చెప్పడానికి తెరిచిన నోరు మూసుకుంది. "ఏమీ లేదక్కా, ఊరికే వచ్చాను" అని తమిళంలో అని వెళ్ళిపోయింది. అప్పటికీ నాకేమీ తోచలేదు. కుట్టు మొదలుపెట్టాను.

మరునాడు ఉదయం నేను ముగ్గు వేస్తుంటే పెద్దమ్మ తన అరుగు మీద నుంచి కేక పెట్టింది.

"ఏమే, ఆ పిల్ల నిన్న మీ ఇంటికి వచ్చినాదా? అడిగినాదా నిన్ను?"

నేను వీధి మధ్యలో నిలబడి ఉన్నాను.

"తెలుగులో అడగాలని నాలుగు దినాలు నేర్చుకొన్నాది పావం! 'అక్కా, నాతో బడికి వస్తారా' అని. నువ్వు సంతోషపడతావని చెప్పినాను. బడిలో టీచరమ్మ చెప్పేది నాకు వినబడలేదు. వినబడేవాళ్ళను ఎవురినైనా పిలుచుకొని రమ్మనినాది. నాతో పనిచేసిన సేక్కాళ్ళను పిలుద్దామంటే వాళ్ళవీ మిల్లు చెవులే! నువ్వైతే మంచి బిడ్డవి, ఓర్పుగా వింటావు."

ఆ పిల్లకు తెలుగు వస్తుంది. నెలల తరబడి ఆ అరుగు మీద కూర్చుని, వీధిలో వచ్చే పోయే తెలుగంతా వింటూ నేర్చుకుంది. నాకోసం ఒక వాక్యం పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చింది.

"వచ్చినాదా?" అని పెద్దమ్మ మళ్ళీ అడిగింది.

"రాలేదు పెద్దమ్మా," అన్నాను.

"ఆఁ?"

"రా...లే...దు!" అని అరిచాను. నా జీవితంలో ఆడిన అతి పెద్ద అబద్ధాన్ని వీధి మొత్తానికి వినబడేలా చెప్పాను. వరండాలో అత్త తలెత్తి చూసింది.

ఆ పిల్ల మళ్ళీ మా వీధికి రాలేదు. బడిలో చెప్పిన గడువు దాటిపోయింది. పెద్దమ్మ ఎండలో బస్సెక్కి క్యాంపుకు మూడుసార్లు పోయింది. చదువు ఇష్టం లేదని ఆ పిల్ల చెప్పిందట. తళవాయిపురంలో నైటీలు కుట్టే చోట పనికి చేరింది. మూడోసారి తిరిగి వచ్చి పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. చాలా రోజుల తరువాత పీట ఖాళీగా ఉంది. నేను వెళ్ళి కూర్చున్నాను.

"నా వల్లనే," అంది ఆమె. "గట్టిగా చెప్పు, గట్టిగా చెప్పు అని దాన్ని బెదరగొట్టినాను. పడవలో ప్రాణం అరచేతిలో పెట్టుకొని వచ్చిన బిడ్డ. దానితో అట్ల అరవొచ్చునా? నాకు చెవుడంటే అందరికీ చెవుడా?"

నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చెబితే ఆమె మీద ఉన్న బరువు దిగి నా మీదకు వచ్చేది. న్యాయంగా అది నాదే. నేను చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఆమె మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టింది. మీరు నమ్ముతారో లేదో, అన్నేళ్ళుగా వీధి చివరిదాకా వినబడిన గొంతును ఆమె బలవంతాన అణచుకుంది. తన గొంతు ఎంత ఉందో తనకే వినబడదు గనక, మరీ తగ్గించి, గుసగుసగా మాట్లాడేది. కూరగాయల బండివాడు "ఏమమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాడు. క్యాంపు నుంచి వచ్చే ఆడవాళ్ళు ఆమె చెప్పేది అర్థంకాక ముందుకు వంగేవాళ్ళు. వీధి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దానికి కారణం ఎవరో ఇద్దరికి తెలుసు. ఒకరు తళవాయిపురంలో మిషను తొక్కుతున్నారు. ఒకరు ఎదురింట్లోనే ఉన్నారు.

చెప్పాలని నేను ప్రయత్నించలేదని కాదు. కార్తీక దీపాల రోజున ఆమెకు మురుకులు తీసుకువెళ్ళాను. పీట మీద కూర్చుని, ఆమె కుడి చెవికి నోరు దగ్గర పెట్టి, "ఆ పిల్ల ఆ రోజు మా ఇంటికి వచ్చింది పెద్దమ్మా" అన్నాను. చాలా మెల్లగా అన్నాను.

"ఆఁ?"

వీధిలో పిల్లలు దీపాలు పెడుతున్నారు. మా అత్త, పక్కింటివాళ్ళు గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. ఆమెకు చెప్పాలంటే అరవాలి. అరిస్తే అందరూ వింటారు. రహస్యం చెప్పుకోవడానికి వీలులేని మనిషి ఆమె.

"గట్టిగా చెప్పు పాపా," అంది పెద్దమ్మ, ఆ అణచుకున్న గొంతుతోనే. "నువ్వు గూడా నాకు భయపడితే ఎట్లా?"

"మురుకులు కరకరలాడతా ఉన్నాయా అని అడిగినాను!" అని అరిచాను.

"బాగుండాయి, బాగుండాయి," అని ఆమె తల ఊపింది. పళ్ళు లేని నోట్లో మురుకు ముక్క నానబెట్టుకుంటూ ఉంది.

ఆ తరువాత కూడా నెలలు ఉన్నాయి. రేపు చెబుదాం, మనుషులు లేనప్పుడు చెబుదాం అనుకుంటూ ఉన్నాను. ఒక ఉదయం పాలామె వచ్చి నన్ను మెల్లగా పిలిచింది.

ఆమెను వాకిట్లో పడుకోబెట్టాక క్యాంపు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ఎప్పుడో మిల్లు గేటు దగ్గర బస్సు తెలియక నిలబడిన ఆమె కూడా వచ్చింది, ముసలిదై, మనవరాలి చెయ్యి పట్టుకుని. వాళ్ళ వెనుక తర్షిక ఉంది. ఏడవలేదు. జనం మధ్య నుంచి వచ్చి, పెద్దమ్మ తల దగ్గర అటు తిరిగి ఇటు తిరిగి, కుడివైపున మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె చెవికి వంగి, వీధంతా వినబడేలా, "పోయి వస్తాను పెద్దమ్మా!" అంది. రోజూ ఇంటికి పోయేటప్పుడు తమిళంలో చెప్పే మాటే, ఈసారి తెలుగులో.

జనం తిరిగి చూశారు. నేను మా అత్తను చూశాను. అత్త నన్ను చూస్తూ ఉంది.

మూడో రోజు అత్త అడిగింది. "ఆ పిల్లకు తెలుగు వస్తాదా?"

"వస్తాదత్తా."

"మన ఇంటికి వచ్చిన దినానికే వస్తాదా?"

"అప్పటికే వస్తాది."

అత్త చేతిలోని చాట కింద పెట్టింది. నన్ను తిడుతుందనుకున్నాను.

"నువ్వు చెప్పినావు. నేను నవ్వినాను," అంది. "పొయ్యి చెప్పి రా. నేను రాను, నాకు ముఖం లేదు. నువ్వు పో."

ఆ ఆదివారం నేను ఒక్కదాన్నే బస్సెక్కాను. కండక్టరును అడిగి క్యాంపు దగ్గర దిగాను. లోపల ఏ ఇల్లో తెలియలేదు. ముగ్గురిని అడిగాను. నా వెనుక నాలుగడుగుల దూరంలో ఎవరూ లేరని తెలిసినా ఒకసారి తిరిగి చూశాను.

తర్షిక తల్లి చాప వేసి, పాలు లేని టీ ఇచ్చింది. గ్లాసు వైపు చూస్తూనే, "ఆ దినం కత్తెర గురించి నేను అనినది నీకు అర్థమయింది కదా," అని తెలుగులో అన్నాను.

"అయింది," అంది ఆ పిల్ల, తెలుగులోనే. "కత్తెర అంటే తెలిసేదానికి తెలుగు నేర్చుకోవాలా అక్కా? మీరు దాన్ని చూసినారు, నన్ను చూసినారు. నవ్వినారు."

"పెద్దమ్మకు ఎందుకు చెప్పలేదు?"

"ఎట్లా చెప్పేది?" ఆ పిల్ల నన్ను సూటిగా చూసింది. "ఆమెకు చెప్పాలంటే అరవాల. నన్ను దొంగ అనినారు అని మీ వీధిలో నిలబడి నేనే అరిచి చెప్పాలా? వినినవాళ్ళలో సగం మంది మీరు చెప్పిందే నిజం అనుకొంటారు."

నేను పది నెలలు నా సిగ్గును మాత్రమే చూసుకున్నాను. ఆ చెవిటి చెవి ముందు నాలాగే ఇంకొకరు నోరు మూసుకుని నిలబడ్డారని నాకు తట్టలేదు. నాకు పోయేది పరువు ఒక్కటే. ఆ పిల్లకు ఈ ఊరే పోయేది.

"ఆమె తన అరుపుల వల్లే నువ్వు రాలేదని అనుకొనింది," అన్నాను. "చచ్చిపోయేదాకా అట్లే అనుకొనింది."

ఆ పిల్ల ముఖం అప్పుడు మారింది. అంతసేపూ రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయి.

"మూడుసార్లు వచ్చినారు. మూడుసార్లూ నేను రానిది మీ వల్ల కాదు పెద్దమ్మా అని చెప్పినాను. ఇల్లు నిండా మనుషులు ఉండారని మెల్లగా చెప్పినాను." కళ్ళు తుడుచుకుని, "వినబడలేదు, ఏమో," అంది.

తప్పు నాది, నీది కాదు అన్నాను. క్షమించమని అడిగాను. ఆ పిల్ల లేచింది. నా చేతిలోని గ్లాసు తీసుకువెళ్ళి కడిగి బోర్లించింది. చెయ్యి పావడాకు తుడుచుకుంటూ తిరిగి వచ్చి, "బడి ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగింది.

నన్ను క్షమించిందని నేను అనుకోవడం లేదు. ఒక ఏడాది పోయింది. అది నేను కుట్టి ఇవ్వగలిగిన గుడ్డ కాదు. పెద్దమ్మను క్షమించమని అడిగే వీలు కూడా లేదు. ఆమెకు చెప్పాల్సిన మాట చెప్పడానికి ఎంత గొంతు కావాలో నాకు ఇప్పుడు ఉంది, వినడానికి ఆమె లేదు. ఆమె గట్టిగా మాట్లాడడం వల్ల ఎవరూ బెదరలేదని, ఆమె కేక విని నాలాంటి పిరికిది కూడా అంగట్లో నోరు తెరిచిందని, ఆమె గొంతు తగ్గించుకున్నది నా తప్పుకు అని, ఇక్కడ రాస్తున్నాను. మా వీధివాళ్ళు ఎవరైనా ఇది చదివి నన్ను చూసి ముఖం తిప్పుకుంటే తిప్పుకోనీ.

బడి తెరిచిన వారంలో ఇద్దరం వెళ్ళాం. టీచరమ్మ గది బయట పొడుగు బెంచీ ఒకటి ఉంది. నేను ముందు కూర్చున్నాను. నాకు ఎడమవైపున ఫ్యాను గాలి బాగా వస్తుంది, చోటు కూడా అక్కడే ఎక్కువ ఉంది. తర్షిక కాగితాల కవరు పట్టుకుని, నా ముందు నుంచి చుట్టి వచ్చి, కుడివైపున ఉన్న కొంచెం చోటులో ఇరుక్కుని కూర్చుంది. నా చెవి దగ్గరికి వంగింది.

"అక్కా, లోపలికి పిలిస్తే నేనే మాట్లాడతాను! మీరు పక్కన ఉంటే చాలు!"

వరండాలో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. గదిలో నుంచి ప్యూను తల బయటికి పెట్టి చూశాడు. నా రెండు చెవులూ బాగానే వినబడతాయి. అయినా, మెల్లగా మాట్లాడమని నేను చెప్పలేదు.